కంపెనీ లేదు, ఆఫర్ లెటర్ లేదు... నాకు వీసా ఎవరిస్తారు?

పేరు రాయొద్దని కోరుతూ శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం పంపారు. మొత్తం ఇక్కడ పెట్టలేను కాబట్టి ముఖ్యమైనంత వరకు చెప్తాను.

ఆమెకు 33 ఏళ్లు. పుట్టిల్లు కవిటి వైపు, ఉద్దానంలో. 2014లో బీటెక్ పూర్తయింది, తర్వాత పెళ్లి, బాబు. భర్త ప్రభుత్వ పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్. బాబుకి ఏడేళ్లు. ఐదేళ్లుగా ఇంటి నుంచే వెబ్‌సైట్లు డిజైన్ చేసి ఇస్తున్నారు. క్లయింట్లు ముగ్గురు. కాలిఫోర్నియాలో ఒక కంపెనీ (సంపాదనలో సగానికి పైగా అక్కడి నుంచే), జర్మనీలో ఒక చిన్న ఏజెన్సీ, ఇంగ్లండ్‌లో ఒకాయన. నెలకు సగటున 2 లక్షల 60 వేలు వస్తుంది, కానీ ఒక నెల లక్షా డెబ్బై, ఇంకో నెల మూడు లక్షల నలభై, అలా ఎగుడుదిగుడుగా.

భర్త జీతానికి మూడు రెట్లు పైనే సంపాదిస్తున్నా ఆమెది ఉద్యోగం కింద లెక్క కాదు. బాబు స్కూల్ అప్లికేషన్ నింపుతూ తల్లి వృత్తి అన్న గడిలో భర్త 'గృహిణి' అని రాశారట, అదీ ఈవిడ పక్కన కూర్చుని ఉండగా. కాలిఫోర్నియా వాళ్లతో కాల్స్ రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే మొదలై ఒంటిగంట దాకా సాగుతాయి, ఆ వేళప్పుడు లైటు ఎందుకు వెలుగుతోందని ఎదురింటివాళ్లు అత్తగారిని అడుగుతారు. అందుకే పగలు పనిచేసుకుని రాత్రి నిద్రపోయే చోటుకి, స్పెయిన్‌కో పోర్చుగల్‌కో, కుటుంబంతో సహా వెళ్లాలని ఆలోచన. అత్తగారు వినగానే "కంపినీ నేదు, ఆఫీసు నేదు, నీకు ఈసా ఎవులిస్తారమ్మా?" అన్నారు. భర్త "నీ ఇష్టం" అని ఊరుకున్నారు.

విశాఖలో ఒక కన్సల్టెన్సీ నాలుగున్నర లక్షలకు 'గ్యారంటీ' అంటోంది, ఇందులో రెండు లక్షలు ముందే కట్టాలి. టూరిస్ట్ వీసా మీద పోర్చుగల్ వెళ్లిపోతే అక్కడ కాగితాలు మార్చుకోవచ్చని, ఆదాయం తక్కువైతే బ్యాంకు స్టేట్‌మెంట్లు తామే 'సెట్' చేస్తామని చెప్పారట. ఇవి చాలవన్నట్టు అమ్మకి కిడ్నీ జబ్బు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మూడు దాటింది, డయాలసిస్ ఇంకా మొదలవలేదు. తమ్ముడు గల్ఫ్‌లో ఉన్నాడు. నాన్నగారు జీడితోట, అమ్మ, రెండూ ఒక్కరే చూసుకుంటున్నారు. స్వయం ఉపాధి మీద తాత్కాలిక నివాసం నిజంగా దొరుకుతుందా, వెళ్తే అందరం ఒకేసారి వెళ్లాలా, అమ్మని ఇలా వదిలి వెళ్లడం తప్పా అని అడిగారు. చివర్లో, ఏదో చిన్న విషయంలా ఒక్క లైను రాశారు: "ఆడిటర్ గారు టాక్స్ పడకుండా రిటర్న్‌లో ఏడు లక్షలే చూపించారు, దానివల్ల ఇబ్బంది ఉంటుందా?"

సమాధానం

అమ్మా, మీ అత్తగారి ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. వెటకారంగానే అని ఉండొచ్చు, కానీ ఉత్తరం మొత్తంలో అసలు ప్రశ్న అదే.

ఉద్యోగం మీద వెళ్లేవాళ్ల తరఫున కంపెనీ హామీ ఇస్తుంది. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, ఫారం 16, ఇవన్నీ ఆ హామీకి రుజువులు. కాన్సులేట్ వాళ్లు మనిషిని కాదు, ఆ మనిషి వెనకున్న కంపెనీని చూస్తారు. మీ వెనక ఎవరూ లేరు కాబట్టి మీకు మీరే హామీ ఇచ్చుకోవాలి. అలా ఇచ్చుకున్నవాళ్లకి వీసా ఇచ్చే దేశాలు ఉన్నాయి, చట్టాలూ ఉన్నాయి. అంటే అత్తగారికి జవాబు ఉంది, ఇస్తారు. కాకపోతే వాళ్లు చూసేది మీ పని ఎంత బాగుందని కాదు, మీ కాగితాలు ఏం చెబుతున్నాయని. ఇప్పుడు మీ కాగితాలు చెప్పే కథ, నాకు రాసిన ఉత్తరంలో మీరు చెప్పిన కథ ఒకటి కాదు. అమ్మ సంగతి, ఆయన సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది తేలాలి.

మీ ఆఖరి లైను తీసుకుందాం. నెలకు 2 లక్షల 60 వేలు అంటే ఏడాదికి 31 లక్షల చిల్లర. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో మీలాంటి వృత్తిదారులకు 44ఏడీఏ అనే సెక్షన్ ఉంది. వచ్చిన మొత్తంలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపించి దాని మీద పన్ను కడితే చాలు, లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. ఏడాదికి 50 లక్షల వరకు, నగదు వసూళ్లు 5 శాతం లోపే ఉంటే 75 లక్షల వరకు ఇది వర్తిస్తుంది. ఆ లెక్కన చూసినా మీ రిటర్న్‌లో పదిహేనున్నర లక్షలు ఉండాలి. ఏడు ఎలా వచ్చిందో ఆడిటర్ గారికే తెలియాలి. ఇప్పుడు కాన్సులేట్ కిటికీ అవతల కూర్చున్న ఆవిడ ముందు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 31 లక్షలు, ఐటీ రిటర్న్‌లో ఏడు లక్షలు పక్కపక్కన పెట్టారనుకోండి. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం అని ఆమెకి అనిపించడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పైగా అన్నీ సక్రమంగా 44ఏడీఏ కింద వేసినవాళ్లకి కూడా ఒక చిక్కుంది. రిటర్న్‌లో కనిపించేది వచ్చిన డబ్బులో సగమే కాబట్టి, పైన మొత్తం వసూళ్లు ఎంతో, ఆదాయం సగం మాత్రమే ఎందుకు కనిపిస్తోందో చెబుతూ సీఏ దగ్గర ఒక సర్టిఫికెట్ తీసుకుని దాన్ని కూడా జతచేయాలి.

దీన్ని సరిచేసుకునే దారి ఉంది. అప్‌డేటెడ్ రిటర్న్, అంటే ఐటీఆర్-యు. 2025 బడ్జెట్‌లో దీని గడువును నాలుగేళ్లకు పెంచారు. తక్కువ చూపించిన ఆదాయం మీద పన్ను, వడ్డీ, వాటిపైన అదనంగా ఇంకొంత కట్టాలి. మొదటి ఏడాదిలో అయితే ఆ అదనం 25 శాతం, రెండో ఏడాది 50, తర్వాత 60, 70. ఆలస్యమయ్యే కొద్దీ బరువు పెరుగుతుంది. ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తున్నా. సేవల మీద వచ్చేది ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. విదేశీ క్లయింట్లకు చేసే పని ఎగుమతి కింద వస్తుంది కాబట్టి ఎల్‌యూటీ అనే హామీ పత్రం పెట్టుకుంటే పన్ను కట్టక్కర్లేదు, కానీ రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు. ఉత్తరంలో జీఎస్టీ ప్రస్తావనే లేదు, కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఇవన్నీ సరిచేయడానికి కొన్ని లక్షలు పోతాయి, అది చేదు మాటే. చేయకపోతే ఒకటి, మంచి వీసా దారులన్నీ మూసుకుపోతాయి. రెండోది, వీసా సంగతి పక్కన పెట్టినా ఇక్కడే ఏదో ఒక రోజు నోటీసు వస్తుంది. పాత ఆడిటర్ గారినే సరిచేయమనకండి, వేరే సీఏకి చూపించండి.

ఇక స్పెయిన్ లెక్క. అక్కడ 2022 చివర్లో వచ్చిన స్టార్టప్ చట్టం, లా 28/2022, దూరం నుంచి విదేశీ కంపెనీలకు పనిచేసేవాళ్లకి నివాస అనుమతి ఇస్తోంది, డిజిటల్ నోమాడ్ వీసా అంటున్నది దీన్నే. డిగ్రీ గానీ మూడేళ్ల అనుభవం గానీ ఉండాలి, మీకు రెండూ ఉన్నాయి. క్లయింట్ కంపెనీ ఏడాదికి పైగా నడుస్తున్నదై ఉండాలి, వాళ్లతో మీ పని కనీసం మూడు నెలల నాటిదై ఉండాలి. స్పెయిన్ దేశపు క్లయింట్లకు కూడా చేయొచ్చు గానీ మొత్తం సంపాదనలో 20 శాతం మించకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. ఆదాయం దగ్గర పట్టుకుంటుంది. అక్కడి కనీస వేతనానికి రెట్టింపు చూపించాలి. 2025 లెక్క ప్రకారం కనీస వేతనం 1,184 యూరోలు, ఏడాదికి పద్నాలుగు సార్లు ఇస్తారు, దాన్ని పన్నెండు నెలలకు సర్ది రెట్టింపు చేస్తే నెలకు సుమారు 2,763 యూరోలు. భర్త కోసం ఇంకో 1,036, బాబు కోసం 345. ముగ్గురికీ కలిపి 4,144. యూరోని వంద రూపాయలుగానే లెక్కేసుకుందాం, ఒక్కరే వెళ్తే 2 లక్షల 76 వేలు, ముగ్గురూ వెళ్తే 4 లక్షల 14 వేలు. ఆ కనీస వేతనం ఏటా పెరుగుతుంది కూడా. మీ సగటు 2 లక్షల 60 వేలు.

అంటే ఈ లెక్కలో అందరూ కలిసి స్పెయిన్ వెళ్లడం కుదరదు. మీరొక్కరే వెళ్లడం గీత మీద ఉంది, ఇంగ్లండ్ ఆయన కాస్త పని పెంచినా, జర్మనీ ఏజెన్సీ నెలనెలా ఒక స్థిరమైన మొత్తానికి ఒప్పుకున్నా గీత దాటుతుంది. ఒక నెల లక్షా డెబ్బై అన్న మాట మాత్రం వాళ్లకి నచ్చదు. ఎగుడుదిగుళ్లు తగ్గించడం మీ చేతిలోనే ఉంది. పని అయ్యాక బిల్లు కాకుండా నెలవారీ ఒప్పందం అడగండి. ఇప్పుడు మీకూ కాలిఫోర్నియా వాళ్లకీ మధ్య ఉన్నది ఈమెయిళ్లు, వాట్సాప్ చాట్లు మాత్రమేనని రాశారు. వాటిని ఎవరూ ఒప్పందంగా తీసుకోరు. సంతకాలున్న కాంట్రాక్టు, ఆ కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితం, 'ఈమె స్పెయిన్ నుంచి పనిచేయడానికి మాకు అభ్యంతరం లేదు' అని ఒక లెటర్, ఈ మూడూ అడిగి చూడండి. అడగడానికి మొహమాటం అనిపించొచ్చు, ఐదేళ్లుగా పని ఇస్తున్నవాళ్లు ఒక ఉత్తరం ఇవ్వరా. ఇవ్వకపోతే అది కూడా తెలుసుకోవాల్సిన సంగతే. సగం సంపాదన ఒక్కచోట నుంచే వస్తున్నప్పుడు, వాళ్లు రేపు ఆపేస్తే నడి యూరప్‌లో మీ పరిస్థితి ఏమిటో ఆలోచించుకోవాలి కదా.

పోర్చుగల్ డిజిటల్ నోమాడ్ దారి, డీ8 అంటారు, ఇంకా ఎత్తు. కనీస వేతనానికి నాలుగు రెట్లు, 2025లో 3,480 యూరోలు. వదిలేయండి. అదే దేశంలో డీ2 అని ఇంకోటి ఉంది, అక్కడే స్వతంత్రంగా వృత్తి చేసుకునేవాళ్లకి. దీనికి నెలవారీ ఆదాయం గీత అంత ఎత్తు లేదు. ఏడాది కనీస వేతనం, అంటే 2025లో 10,440 యూరోలు, మీ పేరున ఉన్నట్టు చూపించాలి, భర్తకి అందులో సగం, బాబుకి 30 శాతం అదనం. ముగ్గురికీ కలిపి 18,792 యూరోలు, దాదాపు 19 లక్షలు. మీ దగ్గర 14 లక్షలు పొదుపు ఉందన్నారు, కాబట్టి ఒక్కరికైతే ఇప్పుడే సరిపోతుంది. కానీ అక్కడ చేయబోయే పనికి కాంట్రాక్టో రాతపూర్వక ప్రతిపాదనో ఉండాలి, మీకు పోర్చుగల్‌లో ఒక్క క్లయింటూ లేరు. ఆరు నెలలు వెతికితే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

జర్మనీ గురించి మీరు అడగలేదు, నాకైతే మీ ఉత్తరంలో అదే కనిపించింది. అక్కడ ఫ్రీలాన్సర్లకి నివాస చట్టంలోని సెక్షన్ 21 కింద మూడేళ్ల వరకు అనుమతి ఇస్తారు. ఇంత ఆదాయం ఉండాలని గీసిన గీత లేదు గానీ బతకడానికి, ఇన్సూరెన్సుకి సరిపోతుందని చూపించాలి, అక్కడి క్లయింట్లు పని ఇస్తామని రాసిన లెటర్లు ఉండాలి. మీకు ఒక ఏజెన్సీ ఇప్పటికే ఉంది. ఇంకొకటి రెండు సంపాదిస్తే ఈ దారి స్పెయిన్ కంటే దగ్గర. చలి, భాష, ఆఫీసుల్లో నెలల తరబడి అపాయింట్‌మెంట్ల కోసం ఎదురుచూపులు, అవి ఉంటాయి.

దుబాయ్ అయితే చుట్టాలున్నారు, దగ్గర అని మీ తమ్ముడు అన్నాడట. అక్కడి వర్చువల్ వర్క్ వీసాకి నెలకు 3,500 డాలర్లు కావాలి, ఐదేళ్ల గ్రీన్ వీసాకి గత రెండేళ్ల ఫ్రీలాన్స్ ఆదాయం 3 లక్షల 60 వేల దిర్హాములకు తగ్గకుండా చూపించాలి. రెండూ మీకు ఇంకా అందవు. ఫ్రీజోన్ (ప్రత్యేక వ్యాపార మండలి) ఇచ్చే ఫ్రీలాన్స్ పర్మిట్ అయితే దొరుకుతుంది, ఆదాయ పన్ను గొడవ కూడా లేదు. కానీ దుబాయ్‌కీ మనకీ తేడా గంటన్నరే. కాలిఫోర్నియా కాల్ తొమ్మిదిన్నరకి బదులు ఎనిమిదికి మొదలవుతుంది, అంతే. లైటు అక్కడా వెలుగుతూనే ఉంటుంది.

ఆ లైటు సంగతే ఇంకొంచెం మాట్లాడాలి. మీకు నిజంగా కావాల్సింది పగటి పని అయితే, స్పెయిన్‌లో కూడా కాలిఫోర్నియా వాళ్ల ఉదయం తొమ్మిది అంటే సాయంత్రం ఆరు. బాబు స్కూల్ నుంచి వచ్చి భోజనం అడిగే వేళకి మీ కాల్స్ మొదలవుతాయి. అదే జర్మనీ క్లయింటు ఉదయం తొమ్మిది మన శ్రీకాకుళంలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. యూరప్ పని పెంచి అమెరికా పని తగ్గిస్తే, ఊరు కదలకుండానే మీ రాత్రులు మీకు మిగులుతాయి. దేశం మారితే గంటలు మారతాయని అందరూ అనుకుంటారు, క్లయింటు మారితే కూడా మారతాయి. వెళ్లొద్దని చెప్పడం లేదు. వెళ్లడానికి కారణం నిద్రా, గౌరవమా, బాబు చదువా, లేక ఇల్లు దాటి ఒక్కసారి మీ బతుకు మీరు చూసుకోవాలనా, అది మీరే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కో కారణానికి ఒక్కో దారి సరిపోతుంది. ఆఖరిది కూడా మంచి కారణమే. దాన్ని బాబు చదువు పేరు వెనక దాచక్కర్లేదు.

డబ్బు విలువ గురించి ఒక్క మాట. ఇక్కడ మీ ఇంటద్దె తొమ్మిది వేలు. మాడ్రిడ్‌లోనో లిస్బన్‌లోనో చిన్న ఫ్లాట్‌కే వెయ్యి యూరోలు పైన. ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే అక్కడే పన్ను చెల్లింపుదారు అవుతారు, మన 44ఏడీఏ సగం లెక్క అక్కడ చెల్లదు. స్పెయిన్‌తో మనకి సామాజిక భద్రత ఒప్పందం లేదు కాబట్టి అక్కడ స్వయం ఉపాధి కింద నమోదై నెలనెలా చందా కట్టాలి, మొదటి ఏడాది తగ్గింపు కింద 80 యూరోలు, తర్వాత ఆదాయాన్ని బట్టి పెరుగుతుంది. పోర్చుగల్‌లో మొదటి పన్నెండు నెలలు మినహాయింపు, ఆ తర్వాత వసూళ్లలో 70 శాతం మీద 21.4 శాతం. శ్రీకాకుళంలో రెండు లక్షల అరవై వేలంటే దొరలా బతకొచ్చు, అక్కడ జాగ్రత్తగా బతకాలి.

కన్సల్టెన్సీ మాటలు. టూరిస్ట్‌గా వెళ్లి లోపల కాగితాలు మార్చుకునే పద్ధతి పోర్చుగల్‌లో ఒకప్పుడు నిజంగానే ఉండేది. 2024 జూన్‌లో దాన్ని ఎత్తేశారు. ఇప్పటికీ దాన్నే అమ్ముతున్నారంటే వాళ్లకి తెలియకైనా ఉండాలి, మీకు తెలియదన్న ధీమా అయినా ఉండాలి. స్పెయిన్‌లో మాత్రం చట్టబద్ధంగా లోపల ఉన్నప్పుడు నోమాడ్ అనుమతికి అప్లై చేయొచ్చు, అప్పుడు ఏడాది వీసాకి బదులు మూడేళ్ల వరకు ఇస్తారు. కానీ దానికి ముందు షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) టూరిస్ట్ వీసా కావాలి, ఆ అప్లికేషన్‌లో చూడ్డానికి వెళ్తున్నానని రాసి లోపల వేరే ఉద్దేశం పెట్టుకుంటే తర్వాత జవాబు చెప్పాల్సింది మీరే, ఏజెంటు కాదు. స్టేట్‌మెంట్లు సెట్ చేస్తామన్న మాట విన్నాక అక్కడ ఇంకో నిమిషం కూర్చోకూడదు. దొంగ కాగితం దొరికితే ఒక్క వీసా పోవడం కాదు, ఆ తర్వాత ఏ దేశం ఫారం నింపినా 'ఇంతకు ముందు తిరస్కరించారా, ఎందుకు?' అన్న గడి ఎదురవుతుంది. మీ దగ్గర నిజమైన ఆదాయం ఉంది, దాని పక్కన అబద్ధపు కాగితం పెడితే నిజం కూడా అనుమానంలో పడుతుంది.

మన జిల్లాలో, గుజరాత్ వేరావల్ వెళ్లే చేపల బోట్ల పని దగ్గర్నుంచి గల్ఫ్ వెల్డింగ్ పనుల దాకా మధ్యలో ఒక మనిషి లేకుండా బయటికి వెళ్లడం మనకి అలవాటు లేదు, అందుకే ఏజెంటు లేడంటే ఏదో తప్పు జరుగుతున్నట్టు అనిపిస్తుంది. గల్ఫ్ ఉద్యోగంలో అవతల కంపెనీ ఉంటుంది, దానికీ మనకీ మధ్య లైసెన్సు ఉన్న ఏజెంటుకి పని ఉంటుంది. మీ కేసులో అవతల ఎవరూ లేరు, ఆయన ఎవరితో మాట్లాడతాడు? సాయం కావాలంటే ఆ దేశంలో లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి మీ కాగితాలు చూపించండి. గ్యారంటీ ఇవ్వరు, అదే నమ్మకానికి గుర్తు.

ఇప్పుడు మీ ఆయన. ఆయన అన్న "నీ ఇష్టం" ఒప్పుకోలు అనుకుని మీరు లెక్కలు వేస్తున్నట్టున్నారు. ప్రభుత్వ ఉద్యోగి విదేశానికి వెళ్లి ఉండాలంటే శాఖ అనుమతి, జీతం లేని సెలవు మంజూరు, రెండూ ముందే కావాలి. సెలవు దొరికినా అక్కడ ఆయన చేసేదేమిటి? స్పెయిన్‌లో నోమాడ్ కుటుంబ సభ్యులకి పనిచేసే హక్కు ఉంటుంది, కానీ తెలుగు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషికి స్పానిష్ రాకుండా అక్కడ బడిలో ఉద్యోగం దొరకదు, ఏ గిడ్డంగిలోనో పని దొరుకుతుంది. ఇది ఆయనకి మీరు చెప్పారా? ఇక్కడ మీరు 'గృహిణి' గడిలో కూర్చుని పడ్డ బాధ అక్కడ ఆయన పడాల్సి వస్తుంది, దానికి ఆయన సిద్ధమేనా, ఎన్నాళ్లు? బాబు మాటకొస్తే, అక్కడ ఆరు నుంచి పదహారేళ్ల దాకా బడి తప్పనిసరి, ప్రభుత్వ బడి ఉచితం, చదువు స్పానిష్‌లో. ఏడేళ్ల పిల్లాడికి ఏడాదిలో వచ్చేస్తుంది. రెండేళ్లకి తిరిగొస్తే ఇక్కడ తెలుగు, హిందీ మళ్లీ మొదటి నుంచి. ఇవన్నీ ఒక ఆదివారం కాగితం పెట్టుకుని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సినవి, ఆయన మళ్లీ 'నీ ఇష్టం' అంటే 'ఆ మాట వద్దు, నాకు నీ అభిప్రాయం కావాలి' అని అడగండి. ఆ స్కూల్ ఫారం సంగతి కూడా ఆ రోజే ఎత్తండి. దాన్ని మనసులో మోస్తూ ఆయన్ని వేరే దేశం తీసుకెళ్తే బరువు పెరుగుతుంది గానీ తగ్గదు.

అమ్మ విషయంలో తప్పొప్పుల తీర్పు నేను చెప్పను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలా నడుస్తుందో మీ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 చివర్లో వచ్చాక దూరం కొంత తగ్గింది, కానీ డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడు సార్లు తీసుకెళ్లి తెచ్చే మనిషి కావాలి, నాన్నగారొక్కరే జీడి కోతల రోజుల్లో అది చేయలేరు. కాబట్టి అడగాల్సింది ముందు నెఫ్రాలజిస్టుని, ఏడాదిలో అవసరం పడొచ్చా, అంతకంటే ఎక్కువ సమయం ఉందా అని. ఆయన ఖచ్చితంగా చెప్పలేరు, అయినా ఆయన అంచనా మన భయం కంటే నయం. రెండోది అనుమతి నిబంధనలు. స్పెయిన్ నోమాడ్ అనుమతిలో ఏడాదికి ఆరు నెలలకి మించి దేశం బయట ఉండకూడదు. పోర్చుగల్ తాత్కాలిక అనుమతిలో వరుసగా ఆరు నెలలు గానీ, అనుమతి కాలం మొత్తంలో విడివిడిగా ఎనిమిది నెలలు గానీ దాటకూడదు. అమ్మ కోసం ఏటా రెండు మూడు నెలలు వచ్చి ఉండాలనుకుంటే స్పెయిన్‌లో కాస్త ఊపిరి ఆడుతుంది. నివాస కార్డు చేతికి రాకముందు, రెన్యువల్ పెండింగ్‌లో ఉన్నప్పుడు మాత్రం బయటికి వస్తే తిరిగి వెళ్లడం చిక్కు కావచ్చు, ఆ నెలల్లోనే ఇంటి నుంచి ఫోన్ వస్తే ఏం చేస్తారో ముందే అనుకోవాలి. నాన్నగారికి నెలకు పది పన్నెండు వేలిచ్చి అమ్మతో ఆసుపత్రికి వెళ్లే మనిషిని పెట్టడం మీరు ఇక్కడున్నా చేయాల్సిన పనే. కవిటికి రోజూ వెళ్లి వస్తున్నట్టు మీరు రాయలేదు కదా.

నన్నడిగితే, మీ ముందున్నవి ఇలా కనిపిస్తున్నాయి. ఈ ఏడాదే మీరొక్కరే స్పెయిన్‌కి ప్రయత్నిస్తే ఆదాయం గీత మీద, రిటర్న్‌లు సరికాలేదు, తిరస్కరించే అవకాశమే ఎక్కువ. ఒక ఏడాది ఆగి పన్నులు సరిచేసి, కాంట్రాక్టులు రాయించుకుని, జర్మనీలో ఇంకో క్లయింటుని పట్టుకుంటే అటు బెర్లిన్ దారి, ఇటు స్పెయిన్ దారి రెండూ తెరుచుకుంటాయి, మీరు ముందు వెళ్లి ఆరు నెలలు చూసుకుని, ఆదాయం సరిపోతే మిగతావాళ్లని పిలవొచ్చు, నచ్చకపోతే తిరిగి రావొచ్చు, ఆయన ఉద్యోగం ఇక్కడ అలాగే ఉంటుంది. ఈ దారిలో నష్టం ఏడాది ఆలస్యం, ఈలోగా అమ్మ ఆరోగ్యం ఎటు వెళ్తుందో తెలియదు. ముగ్గురూ కలిసే వెళ్లాలన్నది గట్టి పట్టు అయితే నెలకు నాలుగు లక్షలు దాటే దాకా ఆగాలి, రెండేళ్లు పట్టొచ్చు. ఇక అసలు వెళ్లకుండా క్లయింట్లని మార్చుకోవడం నాలుగోది. దాన్ని ఓటమి కింద వేసుకోకండి, అలా అని నేను దాన్నే మంచిదని అనడం లేదు.

ఏది ఎంచుకున్నా కొన్ని పనులు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, ఏవీ వృథా పోవు. మీకు బీటెక్ ప్రొవిజినల్ మాత్రమే ఉంది, ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) తీసుకోలేదన్నారు. 2014 అంటే జేఎన్‌టీయూ కాకినాడే కదా, ఓడీకి అప్లై చేయండి, అది రావడానికే టైమ్ పడుతుంది, అది లేనిదే రాష్ట్ర ధ్రువీకరణ, విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర) ముందుకు సాగవు. స్పెయిన్, పోర్చుగల్ దారులకైతే పెళ్లి సర్టిఫికెట్, బాబు జనన ధ్రువపత్రం కూడా అపోస్టిల్ చేయించాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటే బ్యాంకులోనే మార్పించండి, అది తేలిక. పోలీస్ క్లియరెన్స్ మాత్రం ఇప్పుడే వద్దు, దానికి కాలపరిమితి ఉంటుంది. ఫీజు 500, దగ్గర్లోని పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే ఇస్తారు, వీసాకి అప్లై చేసే ముందు తీసుకుంటే చాలు.

కొత్త సీఏ దగ్గరికి వెళ్లేటప్పుడు నాలుగేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్రతి విదేశీ చెల్లింపుకీ బ్యాంకు ఇచ్చే ఎఫ్ఐఆర్‌సీ లేదా అడ్వైజ్, ఐటీ పోర్టల్ నుంచి 26ఏఎస్, ఏఐఎస్ (మీ పేరున పన్ను శాఖకి చేరిన వివరాలు) డౌన్‌లోడ్ చేసి పట్టుకెళ్లండి. వేసిన రిటర్న్‌ల కాపీలు మీ పాత ఆడిటర్ దగ్గరే ఉండిపోయి ఉంటే పోర్టల్‌లో మీ లాగిన్‌తో మీరే తీసుకోవచ్చు. లాగిన్ కూడా ఆయన ఫోన్ నంబర్ మీదే ఉంటే, ముందు దాన్ని మీ నంబర్‌కి మార్చుకోండి.